కత్తిరించిన మాట

పొద్దున వేసుకోవాల్సిన మాత్ర వేసుకోవద్దని చెల్లెలు ముందురోజే ఫోన్‌లో చెప్పింది. "ఒక్క పూటే అన్నయ్యా. షూటింగ్ అవగానే వేసుకుందువుగాని," అంది.

మాస్టరుకి రోజూ అయిదింటికి మెలకువ వస్తుంది. మంచం పక్క స్టూలు మీద భార్య పెట్టి ఉంచిన మాత్రని నీళ్లతో మింగి, వెల్లకిలా పడుకుని ముప్పావుగంట పైకప్పు వంక చూస్తాడు. ఆ ముప్పావుగంటలో ముందు మెడ, తరవాత భుజాలు, ఆ తరవాత చేతులు, ఎవరో ఒక్కొక్క కట్టే విప్పినట్టు వదులవుతాయి. ఆఖరికి కుడిచేతి బొటనవేలు. అది కూడా తన మాట వింటోందని తేల్చుకున్నాక లేచి, స్నానం చేసి, గుండీలు తనే పెట్టుకుని టైలరు షాపుకి బయల్దేరతాడు. వణుకుడు జబ్బు మొదలై ఆరేళ్లయినా ఆ ముప్పావుగంటని భార్య తప్ప ఇంకెవరూ చూడలేదు. షాపు ఓనరుకి జబ్బు సంగతి తెలుసు. కానీ తెలియడం వేరు, కళ్లారా చూడడం వేరు.

ఆ రోజు స్టూలు మీద నీళ్లు ఒక్కటే ఉన్నాయి.

"మీ చెల్లెలు అడిగింది, మీరు సరేనన్నారు. మీ ఒళ్లు సరేనందా?" అంది భార్య, అతని వీపు కింద చెయ్యి పెట్టి లేవదీస్తూ.

"పరిశోధనకి డబ్బు కావాలట. చూస్తేగాని జనానికి తెలీదుగా."

మాత్ర లేకపోతే గొంతు కూడా సన్నబడిపోతుంది. ఆమె చెవి దగ్గరికి తెచ్చి విని, అతనికి చొక్కా తొడిగి, కింది నుంచి పైదాకా గుండీలు పెట్టింది. ఆటోలో షాపుదాకా అతని కుడి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, మీద సంచీ అడ్డం పెట్టింది.

షాపు ఇంకా తెరవలేదు. చెల్లెలు ఓనరుని అడిగి తాళాలు తీసుకుని, కోతబల్ల మీద పెద్ద లైటు పెట్టించింది. కెమెరా ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఏవో వైర్లు సర్దుతున్నాడు. పార్కిన్సన్స్ జబ్బు మీద పరిశోధన చేసే సంస్థలో విరాళాలు సేకరించడం చెల్లెలి ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా అదే పని. అన్నకి జబ్బు రాకముందే చేరింది. వచ్చాక ఆ పని ఆమెకి ఉద్యోగం కాకుండా పోయింది.

"అయ్యో వదినా, గుండీలు పెట్టేశావా," అని నవ్వుతూ వచ్చి, అన్న ఎదురుగా నిలబడి, పైనుంచి మూడు గుండీలు విప్పింది. "నువ్వే పెట్టుకోవాలన్నయ్యా. అదే కదా చూపించాల్సింది."

భార్య బయటికి వెళ్లి, షాపు మెట్టు మీద వీధి వైపు తిరిగి కూర్చుంది.

మొదటి గుండీ కాజాలోకి పోవడానికి చాలాసేపు పట్టింది. వేళ్లు గుండీని పట్టుకుంటున్నాయి, కానీ కాజా ఎక్కడుందో వాటికి తెలియడం లేదు. ముప్పై ఏళ్లుగా ఇతరులకి గుండీలు ఎక్కడ ఉండాలో చెప్పిన మనిషి. రెండో గుండీ జారింది. "ఇంకొక్కసారి మాస్టారూ," అన్నాడు కెమెరా ఆయన. తరవాత సుద్ద పట్టుకుని గుడ్డ మీద గీత గియ్యమన్నారు. గీత చీమ పాకినట్టు వంకర్లు పోయింది. సుద్ద బిళ్ల చేతిలోనే రెండు ముక్కలైంది. నడవమన్నారు. గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. ముందుకి వెళ్లాలని ఒళ్లంతా వంగింది, పాదాలు మాత్రం రానన్నాయి.

"గుమ్మం దగ్గరిది మళ్లీ తీద్దామా?" అని అడిగింది చెల్లెలు.

"చాలండి," అన్నాడు కెమెరా ఆయన. కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

మాత్ర చెల్లెలే నోట్లో వేసింది. టీ సాసర్లో పోసి, ఊది, తాగించింది. ముప్పావుగంట పక్కనే కూర్చుని అతని కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అరచెయ్యి వెచ్చగా ఉంది. చిన్నప్పుడు దానికి జ్వరమొస్తే తను చెయ్యి ఇలాగే పట్టుకునేవాణ్ణని మాస్టరుకి గుర్తొచ్చింది. పొద్దుటినుంచి పడ్డ అవమానం సగం అక్కడే కరిగిపోయింది.

తరవాత కోత. నల్ల ఉన్ని గుడ్డ, కోటు ముందుభాగం. మెడలో టేపు వేసుకుని, సుద్దతో ఒక్క గీతలో భుజం వాలు గీశాడు. చంక వంపు దగ్గర చాలామంది కత్తెర ఆపి ఆపి కోస్తారు, అంచు మెట్లుమెట్లుగా వస్తుంది. మాస్టరు కత్తెర నోరు పూర్తిగా మూయనివ్వడు. సగం మూసి, ముందుకి తోసి, ఎడంచేత్తో గుడ్డని తిప్పుతూ ఆ వంపు మొత్తం ఒక్క ఊపిరిలో తీసేస్తాడు. కెమెరా ఆయన ఈసారి మళ్లీ చెయ్యమని అడగలేదు.

ఆఖర్న మాట్లాడమన్నారు. ఆ మాటలు మాస్టరు రెండు రోజులుగా కోతబల్ల దగ్గర మనసులో కుట్టుకుంటూనే ఉన్నాడు.

"మాత్ర పడ్డాక కాసేపటికి, హమ్మయ్య, నా చేతులు నాకు తిరిగొచ్చాయి, అనుకుంటాను. మూడు గంటలే. తరవాత మళ్లీ పరాయివైపోతాయి. రోజుకి నాలుగుసార్లు ఇదే తంతు."

అక్కడ కెమెరాలో బ్యాటరీ అయిపోయింది. మార్చేలోగా మాస్టరు మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ మొదలుపెట్టమన్నారు.

"డాక్టరమ్మ వాళ్ల పరిశోధన వల్ల నాకు మందు రాకపోవచ్చు. వాళ్లు చేసేది మందు కాదు, వణుకు మొదలవకముందే జబ్బుని పసిగట్టే పరీక్ష. అది దొరికితే మందుకి దారి అదే దొరుకుతుందంటారు. నా తరవాతివాడికైనా దొరకాలి. అందుకే నెత్తురిస్తున్నా, వెన్నులో నీళ్లిస్తున్నా."

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "ఇందులో ఒక్క అక్షరం కూడా తియ్యకూడదన్నయ్యా," అంది.

విరాళాల సభ నాలుగో రోజు సాయంత్రం జరిగింది. పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు, ముందు వరసలో దాతలు. మాస్టరు తను కుట్టుకున్న బూడిదరంగు కోటు వేసుకున్నాడు. మాత్ర వేళ చెల్లెలే ఫోన్ చేసి గుర్తుచేసింది. భార్యాభర్తల్ని రెండో వరసలో కూర్చోబెట్టి, పక్కనే డాక్టరమ్మని కూర్చోబెట్టింది. నెలకోసారి మాస్టరు వేళ్లతో బల్ల మీద తాళం వేయించి లెక్కపెట్టుకునేది ఈవిడే. నెమ్మదస్తురాలు. సూది గుచ్చే ముందు ప్రతిసారీ "క్షమించండి మాస్టారూ" అంటుంది.

లైట్లు ఆర్పి సినిమా వేశారు.

ముందు గుండీలు వచ్చాయి. తెర మీద తన వేళ్లు మనిషంత పెద్దవిగా కొట్టుకుంటుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. విరిగిన సుద్ద. గుమ్మం. భార్య తల దించుకుంది. మాస్టరు దించుకోలేదు. ఇక్కడిదాకా నిజమే, చూడనీ అనుకున్నాడు.

తరవాత సంగీతం మారింది. ల్యాబులో గాజు గొట్టాలు, తెల్లకోట్లు, డాక్టరమ్మ మైక్రోస్కోపులోకి చూస్తూ. ఆ వెంటనే కోతబల్ల వెనక తను.

"డాక్టరమ్మ వాళ్ల పరిశోధన వల్ల," అన్నాడు తెర మీది మాస్టరు. ఒక్క రెప్పపాటు. "నా చేతులు నాకు తిరిగొచ్చాయి."

నల్ల గుడ్డ మీద కత్తెర నీటి మీద పడవలా సాగిపోయింది.

మొదటి మాటకి మెడలో టేపు లేదు. రెండో మాటకి ఉంది. అతుకు అక్కడుంది. జీవితమంతా అతుకులు కనబడకుండా చెయ్యడమే పనిగా బతికినవాడికి అది కనబడకుండా పోదు. కానీ హాల్లో ఇంకెవరికీ కనబడలేదు. తెర మీద మాత్ర ఊసు లేదు. మూడు గంటలు లేవు. నా తరవాతివాడు లేడు. చప్పట్లు ముందు వరసలో మొదలై వెనక్కి పాకాయి, ఆ తరవాత అందరూ లేచి నిలబడ్డారు. ముందు వరసలో పొడుగాటి పెద్దాయన ఒకడు మాత్రం అందరికంటే ఆలస్యంగా లేచాడు.

చెల్లెలు వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్లింది. "ఒక్కసారి చెయ్యెత్తు అన్నయ్యా," అంది చెవిలో. మాస్టరు చెయ్యెత్తాడు. ఎందుకెత్తాడో తరవాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు. మాత్ర వేళప్రకారం పడింది గనక చెయ్యి రాయిలా నిలబడింది. చప్పట్లు రెట్టింపయ్యాయి. డాక్టరమ్మ కోసం చూశాడు. ఆవిడ ఒళ్లో ఫైలు తెరిచి అందులోకి చూస్తోంది.

సభ అయ్యాక టీలు పంచుతున్న చోట ఆవిడ్ని పట్టుకున్నాడు. "మీ దగ్గర మందుందని నేనెప్పుడన్నానమ్మా?"

"సినిమా సంగతి ఆఫీసు వాళ్లు చూసుకుంటారు మాస్టారూ. నేను ల్యాబు వరకే." ఆవిడ కప్పు కింద పెట్టింది. మళ్లీ తీసుకుంది. "క్షమించండి," అంది, సూది గుచ్చే ముందు అన్నట్టే.

వరండా చివర, అట్టపెట్టెలు పేర్చిన మూల, చెల్లెలు అన్న కంటే ముందే మాట్లాడింది. "నాకు తెలుసు నువ్వేమంటావో. నిడివి ఎక్కువైందన్నయ్యా. మూడు నిమిషాల్లో అన్నీ చెప్పాలి."

"అన్నీ చెప్పక్కర్లేదు. లేనిది చెప్పకపోతే చాలు."

"నిరుడు ఉన్నదే చెప్పాం. ఇంకా మందు రాలేదు, పదేళ్లు పట్టొచ్చు అని. అందరూ టీ తాగి వెళ్లిపోయారు. ల్యాబులో సగంమందిని తీసేశారు. ఇంకో ఏడాది ఇలాగే అయితే, నువ్విచ్చిన నెత్తురుందే, నీలాంటి రెండొందల మంది ఇచ్చింది, దాన్ని చూసే దిక్కుండదు. ఇదంతా ఎవరికోసం? నీకోసం కాదా?"

"నాకోసమని అనకు."

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు."

"పెళ్లికొడుకుని నేనే కదే," అన్నాడు మాస్టరు. "నాకైనా చెప్పాల్సింది."

చెల్లెలు అట్టపెట్టె మూతకి అంటించిన టేపుని గోటితో గీకుతూ నిలబడింది. లోపలినుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక భార్య గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఆ రోజు గుండీలు విప్పినప్పుడే అనుకున్నా," అంది.

రెండు రోజుల్లో ఆ సినిమా ఫోన్లలో ఊరంతా తిరిగింది. అందులో షాపు బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది.

మూడో రోజు పొద్దున ఓనరు మాస్టరుని లోపలి గదికి పిలిచాడు. ఫ్యాను వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. "సగంమంది మీరు బాగుపడ్డారని ఫోన్లు చేస్తున్నారు మాస్టారూ. సగంమంది తమ గుడ్డ మీ చేతిలో పెట్టొద్దని చేస్తున్నారు. నేనెవర్ని నమ్మాలి?"

"ఆరేళ్లలో నా కోత ఒక్కటైనా తిరిగొచ్చిందా సార్?"

"రాలేదు. కాదనను. కానీ మొన్నటిదాకా వాళ్లు చూడలేదు. ఇప్పుడు చూశారు." ఓనరు చెడ్డవాడు కాదు. అందుకే అతని మొహం చూడలేకపోయాడు. "కొన్నాళ్లు ఫినిషింగ్ చూడండి. జీతం అదే. గొడవ సద్దుమణిగాక చూద్దాం."

ఫినిషింగ్ అంటే అంచులు మడవడం, దారాలు కత్తిరించడం, ఇస్త్రీకి పంపడం. షాపులో అడుగుపెట్టిన కొత్తల్లో చేసిన పని. మాస్టరు పెద్ద కత్తెరని గుడ్డలో చుట్టి ఓనరు బల్ల మీద పెట్టాడు. ఓనరు అతని చేతికి ఒక కాగితం ఇచ్చాడు. దాని మీద పద్నాలుగు ఫోన్ నంబర్లున్నాయి. "వీళ్లందరూ మందు పేరు అడిగారు. నాకేం తెలుసు? మాస్టారుతో చెప్పిస్తానన్నాను."

ఆ మధ్యాహ్నమే ఒక ఆడమనిషి భర్తని నడిపించుకుంటూ వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చామంది. తను బళ్లో ఆయా, ఆయన తాపీమేస్త్రీ. ఆయన మొహంలో కదలిక లేదు, కళ్లు మాత్రం మాస్టరు చేతుల మీదే ఉన్నాయి. మాస్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టడానికి ముందు వెనక్కి రెండడుగులు వేయించి, మోకాలి వెనక కుర్చీ తగలనిచ్చాడు. అది తెలిసినవాడే చెయ్యగలడు.

"ఆ మందు పేరు చెప్పండి బాబూ. ఎక్కడ దొరికినా తెచ్చుకుంటాం," అందామె.

మాస్టరు జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె వంగి చూసింది. తన సంచీలోంచి ఇంకో అట్ట తీసి దాని పక్కన పెట్టింది. రెండూ ఒకటే రంగు. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"పేరు ఒకటే," అంది.

"ఒకటేనమ్మా."

"మరి సినిమాలో..."

"సినిమాలో నా మాట కోసేశారు. మూడు గంటలు పనిచేస్తుందన్నాను. అది తీసేశారు."

ఆమె రెండు అట్టల వంకా చూస్తూ ఉండిపోయింది. మేస్త్రీ నోరు విప్పాడు. ఏమన్నాడో వినబడలేదు. ఆమె చెప్పింది: "మీ చేతులు చూపించమంటున్నాడు."

మాత్ర దిగిపోయే వేళ అయింది. మామూలుగా ఈ వేళకి మాస్టరు స్టోరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. షాపులో ఇద్దరు గిరాకీలున్నారు, మిషన్ల దగ్గర నలుగురున్నారు, ఓనరున్నాడు. మాస్టరు స్టూలు లాక్కుని మేస్త్రీకి ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. కుడి బొటనవేలు ముందు మొదలుపెట్టింది. తరవాత మణికట్టు. మేస్త్రీ తన చేతులు కూడా తెచ్చి పక్కన పెట్టాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కాసేపు షాపులో ఆ నాలుగు చేతులూ బల్లని కొడుతున్న చప్పుడొక్కటే వినబడింది.

"దారంతా ఈయన నిద్రపోలేదు," అందామె, అట్ట సంచీలో వేసుకుంటూ. "మళ్లీ తాపీ పడతానన్నాడు. వాళ్ల మేనల్లుడికి ఫోన్ చేసి పని కూడా చూడమన్నాడు." తరవాత, మాస్టరు మొహం చూసి, "మీ తప్పేముందిలెండి," అంది.

వాళ్లని బస్సెక్కించి వచ్చేసరికి మాస్టరుకి ఇరవై నిమిషాల దారి గంటన్నర పట్టింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాడు.

మర్నాడు చెల్లెలు ఇంటికొచ్చింది. సభ తరవాత మొదటిసారి. గుమ్మంలోనే నిలబడి, "ఆ పొడుగాటి పెద్దాయన నిన్ను చూడాలంటున్నాడన్నయ్యా. సంతకం పెట్టే ముందు ఒకసారి నీతో మాట్లాడాలట," అంది. అందరికంటే ఎక్కువ ఇస్తానన్న దాత ఆయనే. "ఏం మాట్లాడక్కర్లేదు. పలకరించి, చేతులు చూపించి వచ్చెయ్యి. మాత్ర వేళ చూసుకుని వెళ్దాం."

వంటింట్లోంచి భార్య అంది, "ఇంకా ఏం మిగిలిందని అమ్మాయీ, చూపించడానికి?"

"వదినా, నన్ను ఎన్నయినా అను. ఈ ఒక్కటీ అయిపోనీ."

"వస్తాను," అన్నాడు మాస్టరు. "కానీ నేను చెప్పదలుచుకున్నది చెప్తాను."

చెల్లెలి మొహం పాలిపోయింది. దారిలో ఆటోలో రెండుసార్లు అతని చెయ్యి పట్టుకోబోయింది. రెండుసార్లూ మాస్టరు కోటు సర్దుకున్నాడు.

పెద్దాయన ఇల్లు పెద్దదే గాని సామాన్లు తక్కువ. చెల్లెల్ని బయట వరండాలో కూర్చోమని, మాస్టరుని ఒక్కణ్ణే లోపలికి తీసుకెళ్లాడు. గదిలో కిటికీ దగ్గర ఎత్తయిన కుర్చీ ఒకటి ఉంది, దాని చేతులకి రబ్బరు పట్టీలు చుట్టి ఉన్నాయి. పెద్దాయన దానిలో కూర్చోలేదు, మాస్టరునీ కూర్చోమనలేదు. ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు. దారిలో కూడబలుక్కున్న మాటలు మాస్టరు మొదలుపెట్టబోతున్నాడు. ఈలోగా ఆయనే అడిగాడు.

"మీకెంతసేపు నిలబడుతోంది?"

మాస్టరు ఆయన వంక చూశాడు. "మూడు గంటలు. ఈమధ్య రెండున్నర."

"మా ఆవిడకి ఆఖర్న నలభై నిమిషాలు," అన్నాడు పెద్దాయన. "పదకొండేళ్లు అవే మాత్రలు. నా చేత్తో ఎన్ని వేలసార్లు వేశానో. మీరు కత్తెర పట్టుకోగానే తెలిసిపోయింది, ఇది మాత్ర పడ్డ గంట తరవాత తీసిందని."

"తెలిసి కూడా చప్పట్లు కొట్టారా?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "అందరూ లేచారు. నేనూ లేచాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అందుకే మిమ్మల్ని పిలిచింది. చేతులు చూడ్డానికి కాదు."

"మరి డబ్బు?"

"డబ్బు సినిమా చూసి ఇస్తున్నది కాదు. ఆవిడ చనిపోయిన నెలలోనే, నాలుగు నెలల కిందట, వాళ్ల ఆఫీసుకి ఉత్తరం రాశాను, ఇస్తానని. మందు రాదని నాకు తెలుసు. ఇప్పుడే రాదని. వెతికేవాళ్లు వెతకాలి కదా. వాళ్లు ఉత్తరం అందిందన్నారు, సభ పెడతాం, ఆ రోజు ప్రకటించండి, మిగతావాళ్లకి ఉత్సాహంగా ఉంటుందన్నారు. సరేనన్నాను."

మాస్టరు మనసులో కొలుచుకున్నాడు. తన మాట కోయకపోయినా ఈ డబ్బు వచ్చేదే. తెలిసినవాళ్లెవరూ మోసపోలేదు. మోసపోయింది రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు.

"ఆ సినిమా తీసేయమని వాళ్లకి చెప్పగలరా?" అని అడిగాడు.

"రాసి మరీ చెప్తాను. అది తీసేశాకే సంతకం." పెద్దాయన లేచి మాస్టరుకి చెయ్యి అందించాడు. లాగలేదు, ఊరికే అందించి ఉంచాడు. అలవాటున్న చెయ్యి.

వరండాలో చెల్లెలు నిలబడే ఉంది. "ఏమన్నారు?"

"ఇస్తారట. సినిమా తీసేశాక."

ఆమె స్తంభానికి ఆనుకుని, కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. "ల్యాబు బతికింది," అంది. "నువ్వేం చెప్పావో గాని అన్నయ్యా, ల్యాబు బతికింది."

"నేనేం చెప్పలేదు. ఆయన ఉత్తరం రాశాడట. నాలుగు నెలల కిందట. నీకు తెలుసా?"

చెల్లెలు కళ్లు తెరిచింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"ఉత్తరాలు చాలా వస్తాయి," అంది. "ఇస్తామని రాసి మొహం చాటేసేవాళ్లే ఎక్కువ. చేతికందేదాకా దేన్నీ నమ్మకూడదని మాకు..." ఆగిపోయింది. "తెలుసు."

మాస్టరు మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురు తిరిగి అరుస్తానేమోనని అతనికే భయంగా ఉండింది గాని, అరవాలనిపించలేదు. కోపం రావడానికి కూడా ఏదో మిగిలి ఉండాలి. కోటు లోపలి జేబులోంచి ఓనరు ఇచ్చిన కాగితం తీశాడు. మడత విప్పడానికి కాస్త టైము పట్టింది. చెల్లెలు అందుకోబోయింది, ఇవ్వలేదు. తనే విప్పి, మోకాలి మీద చదును చేసి, అప్పుడిచ్చాడు.

"పద్నాలుగు నంబర్లు. మందు పేరు కావాలిట వీళ్లకి. రేపో ఎల్లుండో బస్సెక్కుతారు. ఇప్పుడే చెయ్యి."

"ఆఫీసుకెళ్లి చేయిస్తానన్నయ్యా. అందరికీ ఒక మెసేజి..."

"ఇక్కడ. నువ్వు. నాకు వినబడేలా."

ఆమె అన్న వంక చూసింది. ఎప్పుడూ ఆమె అడిగితే కాదనని మొహం అది. ఇప్పుడూ కాదనడం లేదు, ఊరికే చూస్తోంది. ఆమె అతని పక్కనే, కాస్త ఎడంగా, మెట్టు మీద కూర్చుని మొదటి నంబరు నొక్కింది. స్పీకరు పెట్టింది. నాలుగుసార్లు మోగాక ఒక ముసలామె ఎత్తింది.

"అమ్మా, మీరు టైలరు షాపుకి ఫోన్ చేశారు కదండీ, ఆ సినిమా గురించి..."

"ఆ, ఆ, చేశాను తల్లీ. మందు గురించేనా?" ముసలామె గొంతు ఒక్కసారిగా పరుగందుకుంది. "ఉండు, ఉండమ్మా, ఫోన్ పెట్టెయ్యకు. ఆయన్ని లేపుతాను. తన చెవులతోనే వినాలంటాడు. ఏమండీ, లేవండి, ఆ డాక్టర్ల దగ్గరనుంచి."

చెల్లెలు ఫోను అన్న వైపు చాపింది. మాస్టరు తన చేతులు మోకాళ్ల మీదనుంచి తియ్యలేదు.

"నువ్వే చెప్పు," అన్నాడు.

ఫోన్లో మంచం కిర్రుమంది. ముసలామె ఎవరికో చెయ్యి ఆసరా ఇస్తూ, "నెమ్మదిగా, నెమ్మదిగా," అంటోంది. చెల్లెలు పెదవులు తడుపుకుంది. తొందరేమీ లేదు. అవతలి మనిషి లేచి కూర్చోడానికి ఎంతసేపు పడుతుందో మాస్టరుకి తెలుసు.